జాతరలో సేవా శిబిరం పెట్టేవారికి కొన్ని సూచనలు



వార్డు బయట బల్లల మీద కూర్చుని మీరు మాట్లాడుకునే మాటలు అప్పుడప్పుడు మా చెవిన పడుతుంటాయి. మేడారం జాతర దగ్గరకు వచ్చిందంటే ఎక్కువగా ఆ మాటలే వినిపిస్తాయి. ఎన్ని బండ్లు పోతున్నాయి, ఎక్కడ గుడారం వేయాలి, ఎంత బెల్లం తూయాలి అని చర్చించుకుంటారు. మీలోని యువకులు కొందరు మా దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, ఈసారి మా ఊరి వాళ్లం కలిసి అక్కడ మందుల శిబిరం పెడతాం, మాత్రలు ఇప్పించండి" అని అడుగుతారు. చాలా మంచి ఆలోచన. అయితే శిబిరానికి మాత్రల కన్నా ముందు కావలసినవి కొన్ని ఉన్నాయి. వాటిని మేము ఒక తప్పు చేసిన తరువాత నేర్చుకున్నాము. ఆ తప్పు మీరు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

జాతర స్థలం ఎలాంటిది?

సమ్మక్క సారలమ్మ జాతర ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో రెండేళ్లకోసారి జరుగుతుంది. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, రెండవ రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. మూడవ రోజు మొక్కులు, నాలుగవ రోజు వనప్రవేశం. ఇక్కడ చూడడానికి వచ్చేవారు వేరు, జరిపేవారు వేరు కాదు. ప్రతి కుటుంబం తన గుడారం తానే వేసుకుంటుంది, తన పొయ్యి తానే వెలిగించుకుంటుంది, తన మొక్కు తానే చెల్లించుకుంటుంది. అడవి మధ్యలో కొద్ది రోజుల పాటు ఒక పెద్ద పట్నం లేచి నిలబడుతుంది. పగలు ఎండ, దుమ్ము, రాత్రి చలి, పొయ్యిల పొగ, జంపన్న వాగు నీళ్లు. వాంతులు, విరేచనాలు, కాలిన గాయాలు, ఆయాసం, తప్పిపోయిన పిల్లలు, ఇవే శిబిరం ముందుకు ఎక్కువగా వస్తాయి.

మా వలన జరిగిన పొరపాటు

మేము మొదటిసారి శిబిరం పెట్టినప్పుడు పదకొండు మందిమి వెళ్లాము. అందరం ఉత్సాహంగా మొదటి రోజు తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి వరకు పనిచేశాము. ఎవరు ఎప్పుడు పడుకోవాలో అనుకోలేదు. రెండవ రోజు రాత్రికి అందరం అలసిపోయాము. నేను వెనక చాప మీద పడి నిద్రపోయాను. బల్ల దగ్గర ఇంటర్ చదివే ఒక అబ్బాయి మిగిలాడు.

రాత్రి రెండు గంటలప్పుడు ఒక తల్లి విరేచనాలు అవుతున్న మూడేళ్ల బాబును తీసుకొచ్చింది. ఆ అబ్బాయి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును గ్లాసు నీళ్లలో కలిపి ఇచ్చాడు, మరో రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టి, "ఇలాగే కలిపి తాపమ్మా" అని చెప్పాడు. అవి లీటరు నీళ్లలో కలపవలసిన ప్యాకెట్లు. తెల్లవారి ఆ తల్లి మళ్లీ వచ్చింది. "ఎంత తాపినా పిలగానికి దూప తీరుతలేదు సిస్టరమ్మా, ఇప్పుడు కండ్లు తెరుస్తలేడు" అన్నది. ఏ గ్లాసుతో కలిపావమ్మా అని అడిగితే చిన్న స్టీలు గ్లాసు చూపించింది. నా గుండె ఆగినంత పనయింది. కలపవలసిన దానికన్నా సుమారు ఐదు రెట్లు చిక్కగా ఉప్పు ఆ పసివాడి ఒంట్లోకి వెళ్లింది. వెంటనే ప్రభుత్వ తాత్కాలిక ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తి, జరిగింది దాచకుండా డాక్టరుగారికి చెప్పాము. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపించారు. బాబు బతికాడు. ఆ రెండు రోజులు మాలో ఎవరికీ ముద్ద దిగలేదు.

తప్పు ఆ అబ్బాయిది కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు. రాత్రి బాధ్యత నాది, నేను నిద్రలో ఉన్నాను. మంచి మనసు ఉంటే చాలు, శిబిరం దానంతట అదే నడుస్తుందని అనుకున్నాము. అలా నడవదు.

ఒక నెల ముందు చేయవలసినవి

1. జిల్లా అధికారులను, ఐటీడీఏ వారిని, వైద్య ఆరోగ్య శాఖ వారిని కలిసి అనుమతి తీసుకోండి. మీ శిబిరం ఎక్కడ ఉన్నదో ప్రభుత్వ వైద్యులకు తెలిసి ఉండాలి.

2. స్థలం నీళ్ల ట్యాంకుకు దగ్గరగా, మరుగుదొడ్లకు దూరంగా ఉండాలి. అంబులెన్సు వచ్చే దారికి అడ్డు కాకూడదు. పొయ్యిల వరుసకు ఆనుకుని గుడారం వేయవద్దు.

3. మీరు ఏ పని చేస్తారో ఒక్క వాక్యంలో రాసుకోండి. "నీళ్లు, ఓఆర్‌ఎస్, గాయానికి కట్టు, తప్పిపోయిన పిల్లలను పోలీసులకు అప్పగించడం" అంటే చాలు. అన్నీ చేస్తామనే శిబిరంలో ఏదీ సరిగా జరగదు.

4. వచ్చేవారందరికీ ఒక పూట శిక్షణ ఇవ్వండి. ఓఆర్‌ఎస్ కలపడం ప్రతి ఒక్కరూ తమ చేతులతో చేసి చూపించాలి. విన్నాము అంటే సరిపోదు.

వంతులు తప్పనిసరి

ఒక్కొక్కరికి ఆరు గంటల వంతు చాలు. ప్రతి వంతులో శిక్షణ పొందినవారు ఇద్దరికి తగ్గకూడదు. ఒకరు రోగితో పాటు వెళ్లవలసి వస్తే రెండవవారు బల్ల దగ్గర ఉంటారు. వంతు మారేటప్పుడు పదిహేను నిమిషాలు ఇద్దరూ కలిసి ఉండి, ఎవరు వచ్చారు, ఏమి ఇచ్చాము, ఎవరిని మళ్లీ రమ్మన్నాము అని పుస్తకం చూసి చెప్పుకోవాలి. నిద్రపోవడం కూడా పనిలో భాగమే. "నేను ఇంకా చేయగలను" అనేవారిని ముందుగా పడుకోబెట్టండి. జనం ఎక్కువైతే సెల్‌ఫోన్లు కలవవు. అందుకే దారి తెలిసిన ఒకరిని కబురు తీసుకెళ్లడానికే ఉంచండి.

నీళ్లు, ఓఆర్‌ఎస్

వాగు నీళ్లు తాగడానికి పనికిరావు. ట్యాంకు నీళ్లయినా క్లోరిన్ బిళ్ల ఎన్ని లీటర్లకో చదివి వేసి, అరగంట ఆగి వాడాలి. నీళ్లు ముంచడానికి పిడి ఉన్న చెంబు ఉంచండి. డ్రమ్ములో ఎవరి చేతులూ పెట్టనివ్వవద్దు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు సైజులలో దొరుకుతాయి. పెద్దది ఒక లీటరు నీళ్లకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. శిబిరంలో ఒకే సైజు ఉంచండి. లీటరు సీసాకు రంగు టేపు అంటించి, "ఇక్కడి వరకు నీళ్లు, ఒక ప్యాకెట్టు మొత్తం" అని రాయండి. కలిపిన నీళ్లు 24 గంటల తరువాత పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా తాపాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు.

డబ్బాలలో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద గట్టిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

ఈ చిన్న ప్యాకెట్టును తక్కువగా చూడకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా సోకినప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ములలో పెట్టించారు. వాటిని రోగులకు తాగించింది ఎక్కువగా వారి పక్కన కూర్చున్న బంధువులే. మరణాలు ఎంతో తగ్గాయి. అంటే మీవంటి కుటుంబ సభ్యులే ఆ ప్రాణాలు నిలిపారు. కొలత సరిగా ఉంటే ఇంటివాళ్ల చేయి కూడా మందే అవుతుంది.

శిబిరంలో చేయకూడనివి

ఇంజక్షన్లు, సెలైన్లు పెట్టవద్దు. యాంటీబయాటిక్ మాత్రలు పంచవద్దు. కాలిన గాయం మీద పేస్టు, సిరా, పసుపు రాయనివ్వకుండా ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీళ్లు ధారగా పోయండి. పాము కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, నడిపించవద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా శిబిరంలో ఉంచవద్దు: మగతగా ఉండడం, తాగలేకపోవడం, కళ్లు లోతుకు పోవడం, మలంలో రక్తం, ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఆయాసం, ఆగని ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం. 108కి ఫోను చేయండి. కలవకపోతే దగ్గరలోని ప్రభుత్వ శిబిరానికి మోసుకెళ్లండి. ఏమి ఇచ్చారో చీటీ మీద రాసి పంపండి. పొరపాటు జరిగితే అది కూడా రాయండి. దాచిన తప్పే ప్రాణం తీస్తుంది.

జాతరకు వెళ్లే కుటుంబాలకు

పిల్లల చొక్కా జేబులో ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. బీపీ, షుగరు, ఫిట్స్ మందులు వారం రోజులకు సరిపడా, చీటీతో సహా తీసుకెళ్లండి. జాతర అని మందు మానవద్దు. ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు, నెలలు నిండిన గర్భిణులు వెళ్లే ముందు డాక్టరుగారిని అడగండి.

చివరి రోజు గుడారం విప్పిన తరువాత అక్కడ మీ చెత్త ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ నేల అక్కడి కోయ కుటుంబాలది. మనం నాలుగు రోజులు ఉండి వెళ్లిపోతాము, వారు అక్కడే బతకాలి.

ఆ తరువాతి జాతరలో కూడా మేము శిబిరం పెట్టాము. ఆ అబ్బాయి కూడా వచ్చాడు. ఈసారి ఓఆర్‌ఎస్ బల్ల బాధ్యత తనకే కావాలని అడిగాడు. రంగు టేపు అంటించిన సీసా అతని ఆలోచనే. వచ్చిన ప్రతి తల్లి చేత తన ముందే ఒకసారి కలిపించి, ఆ తరువాతనే ప్యాకెట్టు చేతికి ఇచ్చాడు. మీరూ అలాగే చేయండి.