వచ్చిపోయే వెలుగు: పన్నెండు వోల్టుల దీపాల్లో లోపాన్ని పట్టుకొనే విధానం

ఇంట్లో దీపం పూర్తిగా ఆరిపోతే కారణం కనుగొనడం సులభం. ఒక క్షణం వెలిగి, మరుక్షణం మసకబారి, మెకానిక్ వచ్చేసరికి ఏమీ ఎరుగనట్టు నిండుగా వెలిగే దీపంతోనే చిక్కు. ఇటువంటప్పుడు చాలామంది ముందుగా బ్యాటరీని అనుమానించి, వేల రూపాయలు పోసి కొత్తది కొంటారు. వారం తిరిగేసరికి దీపం మళ్లీ రెపరెపలాడుతుంది. లోపం బ్యాటరీలో కాక, ఎక్కడో ఒక వదులైన జాయింటులో ఉండటమే తరచుగా ఇందుకు కారణం.

ఇంటి సౌర దీపాలకూ బెంగళూరుకూ పాత సంబంధం ఉంది. 1995లో హరీశ్ హందే, నెవిల్ విలియమ్స్ కలిసి అక్కడ సెల్కో సంస్థను ప్రారంభించి, కర్ణాటక పల్లెలకు సౌర దీపాలను చేర్చారు. హందేకు 2011లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. దీపం అమ్మడంతో సరిపోదు, దాన్ని బాగుచేసే మనిషి కూడా దగ్గరలో ఉండాలన్నది ఆ సంస్థ పాటించిన పద్ధతి. ఆ మనిషి అందని రాత్రి పిల్లల చదువు ఆగకూడదంటే, ఇంటివారికీ కొంత తెలిసి ఉండటం అవసరం.

చిన్న వోల్టేజికి పెద్ద చిక్కు

పిల్లలు పాఠశాలలో చదివే ఓమ్ నియమం ఇక్కడ అక్కరకు వస్తుంది. దీపాలు, చిన్న ఫ్యాను కలిసి 36 వాట్లు అనుకుందాం. 230 వోల్టుల లైనులో వాటికి 0.16 ఆంపియర్ల కరెంటు చాలు. 12 వోల్టుల్లో 3 ఆంపియర్లు కావాలి. దారిలోని ఒక జాయింటు వదులై అర ఓమ్ నిరోధం ఏర్పడితే, 230 వోల్టుల్లో పోయేది 0.08 వోల్టు మాత్రమే. 12 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు అక్కడే హరించుకుపోతుంది. దీపం మసకబారుతుంది, జాయింటు వేడెక్కుతుంది.

లక్షణాన్ని బట్టి స్థానం

ఒక్క దీపమే మినుకుమినుకుమంటుంటే ముందు దాన్ని పక్క గది దీపంతో మార్చి చూడండి. లోపం దీపంతోపాటు వెళితే దీపానిదే తప్పు. పాత చోటనే నిలిస్తే ఆ హోల్డరు, స్విచ్, వైరులను చూడాలి.

దీపాలన్నీ ఒకేసారి రెపరెపలాడితే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే బ్యాటరీ టెర్మినళ్లు, ఫ్యూజు, చార్జ్ కంట్రోలరు దగ్గర వెతకాలి.

అన్నీ కలిసి ఆరిపోయి, మరునాడు ఎండ కాశాక వెలిగితే అది వదులు జాయింటు కాకపోవచ్చు. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు కంట్రోలరు తానే దీపాలను ఆపివేస్తుంది. ప్యానెల్‌పై దుమ్ము, చెట్టు నీడ, బ్యాటరీ వయస్సు పరిశీలించండి.

మీటరుతో కొలిచేటప్పుడు

బెంగళూరు ఎస్పీ రోడ్డులోనూ, మన పట్టణాల ఎలక్ట్రికల్ దుకాణాల్లోనూ చిన్న మల్టీమీటరు దొరుకుతుంది. దాన్ని డీసీ వోల్టుల మీద ఉంచి, దీపాలు వెలుగుతుండగానే కొలవాలి. కరెంటు ప్రవహించనప్పుడు చెడిన జాయింటు కూడా 12 వోల్టులనే చూపి మోసగిస్తుంది. మొదట బ్యాటరీ వద్ద, తరువాత కంట్రోలరు నుంచి దీపాలకు వెళ్లే చోట, చివరకు హోల్డరు వద్ద కొలవండి. ఏ రెండు చోట్ల మధ్య అర వోల్టుకు మించి తేడా వచ్చిందో, లోపం ఆ మధ్యనే ఉన్నట్టు. అక్కడి వైరును మెల్లగా కదిలించి దీపాన్ని గమనిస్తే జాయింటు బయటపడుతుంది.

బాగుచేసే క్రమం

ముందు దీపాలు ఆర్పండి. తరువాత ప్యానెల్ వైరును, ఆపైన బ్యాటరీ వైరును విప్పండి. తిరిగి కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తరువాత. చిలుము పట్టిన రాగి కొసను కత్తిరించి, మెరిసే తీగ వచ్చేలా ఒలిచి, స్క్రూ కనెక్టరులో బిగించండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కొన్నాళ్లకే వదులవుతుంది. బ్యాటరీ టెర్మినల్‌పై తెల్లని పొర ఉంటే, తినే సోడా కలిపిన నీటితో తడిపిన గుడ్డతో తుడవండి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. ఆరాక బిగించి, కొద్దిగా వాజిలిన్ పూయండి.

12 వోల్టులు షాకు కొట్టవు కదా అని అలక్ష్యం పనికిరాదు. పానా రెండు టెర్మినళ్లకూ తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, చేయి కాలుతుంది. ఉంగరాలు, లోహపు గాజులు తీసివేయండి. చార్జయ్యే బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది కనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. ఫ్యూజు బదులు రాగి తీగ కట్టరాదు. ఉబ్బిన బ్యాటరీని తాకక, తెలిసినవారిని పిలవండి. 230 వోల్టుల లైనుపై ఈ ప్రయత్నాలేవీ చేయవద్దు.

లోపం దొరకకపోతే ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, ఏ దీపం, వానా గాలా, అప్పుడు ఫ్యాను తిరుగుతున్నదా అన్నవి రాసి ఉంచండి. సరిహద్దుకు అటునుంచి వచ్చే మెకానిక్‌కు తెలుగు చదవడం రాకపోతే, కన్నడ బడికి వెళ్లే పిల్లల చేత అదే కన్నడంలో రాయించండి. పదిరోజుల ఆ లెక్క చూస్తే, అతడు వచ్చిన వేళ దీపం నిండుగా వెలుగుతున్నా ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కొత్త బ్యాటరీ కొనాలో వద్దో ఆ తరువాతే నిర్ణయించుకోండి.