వార్తల్లో పదం: ఫస్ట్ పార్టీ గేమ్

కన్సోల్ తయారుచేసిన కంపెనీయే దానికి ఆటను కూడా ప్రచురిస్తే అది ‘ఫస్ట్ పార్టీ’. బయటి ప్రచురణకర్తది ‘థర్డ్ పార్టీ’. ఈ రెండో వర్గానికి నాంది 1979లో పడింది. కన్సోల్ కంపెనీ అటారీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ పెట్టారు.

సొంత ఆటల పెత్తనం చూడాలంటే నింటెండోనే చూడాలి. 2017లో వచ్చిన దాని కన్సోల్ స్విచ్ మీద ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ 6 కోట్ల కాపీలు దాటింది. ‘యానిమల్ క్రాసింగ్’ 4 కోట్లు దాటింది. నింటెండో పాత్ర మారియో మరో కంపెనీ కన్సోల్లో దొరకడు. అతని కోసమే యంత్రం కొనేవాళ్లున్నారు. బయటి కంపెనీల పెద్ద ఆటలు చాలావరకు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, పీసీల్లోనూ ఉంటాయి కాబట్టి అమ్మకాలు చీలిపోతాయి. పైగా ప్రతి కాపీ మీదా కన్సోల్ కంపెనీకి వాటా కట్టాలి. ఇంటివాడితో ఇంట్లోనే పోటీ అన్నమాట!

కానీ సొంత బలం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ‘నింటెండో 64’ కన్సోల్ క్యాట్రిడ్జ్‌లనే పట్టుకోవడంతో స్క్వేర్ సంస్థ ‘ఫైనల్ ఫాంటసీ 7’ను 1997లో ప్లేస్టేషన్‌కు తీసుకెళ్లింది. 2012 నాటి నింటెండో కన్సోల్ వీ యూకు బయటి ప్రచురణకర్తలు త్వరగానే దూరమయ్యారు. దాని అమ్మకాలు 1.36 కోట్ల యంత్రాల దగ్గరే ఆగాయి. స్విచ్ మీద అంతగా అమ్ముడైన ‘మారియో కార్ట్ 8’ తొలుత వచ్చింది దాని మీదే.