అణువైద్యశాలలో నా పని



ఆసుపత్రిలో వైద్యుడు, నర్సు, మందులిచ్చు కంపౌండరు, ఎక్సురే తీయువాడు మీకందఱకును తెలిసినవారే. వీరుగాక కొన్ని పెద్ద ఆసుపత్రులలో న్యూక్లియర్ మెడిసిన్ అను శాఖ యొకటి కలదు. దానిని మన భాషలో అణువైద్యశాఖ యనవచ్చును. హైదరాబాదులోని నిమ్సు ఆసుపత్రియందును, తిరుపతిలోని స్విమ్సు ఆసుపత్రియందును, మఱికొన్ని చోటులను ఇట్టి శాఖలున్నవి. నేను అట్టి శాఖలో టెక్నాలజిస్టుగా పనిచేయువాడను, వైద్యుడను కాను. రోగికీయవలసిన మందును సిద్ధపఱచుట, దానిని కొలుచుట, రోగిని యంత్రము క్రింద పరుండబెట్టి చిత్రము తీయుట, ఆ చిత్రము వైద్యుడు నమ్మదగినదిగా నుండునట్లు చూచుట నా విధులు.

అణువను మాట వినగానే బాంబు జ్ఞప్తికి వచ్చి, పరీక్ష చేయించుకొనకయే ఇంటికి మరలిపోయిన వారిని నేనెఱుగుదును. పట్టణమునకు పోవలెనా, వలదా యని గ్రామములో నొకరు సందేహించినపుడు మొదట అడుగునది మీవంటి పెద్దలనే. కావున ఈ పని యెట్లు జరుగునో, దానిలో భయపడవలసిన దెంతో, భయపడనక్కఱలేనిది ఎంతో మీకు విన్నవింపదలచితిని.

ఎక్సురేలో దీపము బయట నుండును. యంత్రమునుండి వచ్చు కిరణములు శరీరములో దూఱి, ఆవలి పలకపై ఎముకల నీడను వేయును. మా పరీక్షలో దీపము లోపల నుండును. చిల్లుల కుండలో దీపముంచి ఆ వెలుగును బయటినుండి చూచినట్లు, రోగి నరములోనికి కొద్దిపాటి మందు నెక్కించి, దానినుండి వెలువడు కిరణములను మేము బయట పట్టుదుము. ఎక్సురే ముఖ్యముగా అవయవముయొక్క ఆకారమును చూపును. మా చిత్రము అది చేయుచున్న పనిని చూపును. ఇల్లు నిలిచియున్నదా యని చూచుట యొకటి. ఇంటిలో పొయ్యి వెలుగుచున్నదా యని చూచుట మఱియొకటి. మూత్రపిండము ఆకారమున చక్కగా నుండియు పనిచేయక పోవచ్చును. ఎముకలో వ్యాధి ప్రవేశించియు ఎక్సురేకు ఇంకను అందకపోవచ్చును. అట్టివి తఱచుగా మా చిత్రములో ముందుగా తెలియును.

ఈ యుపాయమునకు మూలపురుషుడు హంగేరీ దేశీయుడైన జార్జి డి హెవెసీ. తనంతట తాను కిరణములను వెలువరించుచు క్రమముగా క్షీణించు పదార్థములను రేడియోధార్మిక పదార్థములందురు. హెవెసీ 1923లో ఇట్టి సీసమును కొద్దిగా కలిపిన నీటిలో చిక్కుడుజాతి మొక్కల వేళ్లనుంచి, ఆ సీసము వేళ్లయం దెంత నిలిచినదో, కాండమునకును ఆకులకును ఎంత యెక్కినదో కొలిచెను. కాలువ నీరు ఏ మడికి పోవుచున్నదో తెలిసికొనుటకు గుప్పెడు ఊక చల్లి దానివెంట నడచినచో చాలును గదా. ఆయన చేసినది అదియే. ఊకవలన నీటి నడక మాఱదు. అట్లే అతిస్వల్పమైన యీ పదార్థమువలన ప్రాణి శరీరములోని నడక మాఱదు. ఈ పద్ధతికై ఆయనకు 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము లభించినది.

నేడు మేము అన్నిటికంటె నెక్కువగా వాడునది టెక్నీషియమను లోహము. దీనిని 1937లో సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగరమున పెర్రియే, సెగ్రే అను నిరువురు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది భూమిలో దొరకుట బహు అరుదు, మనుష్యుడు చేసికొనవలసినదే. అందుచేతనే గ్రీకు భాషలో కృత్రిమమని యర్థమిచ్చు మాటనుండి దానికి పేరు పెట్టిరి. మేము వాడు టెక్నీషియము 6 గంటలకొకసారి సగమగును. ఉదయము 6 గంటలకు 16 పాళ్లున్నచో మధ్యాహ్నము 12 గంటలకు 8 పాళ్లు, సాయంకాలము 6 గంటలకు 4, అర్ధరాత్రికి 2, మఱునాటి యుదయమునకు 1 పాలు మాత్రమే మిగులును. రోగి శరీరములో చిరకాలము నిలువదు గావున ఇది గొప్ప గుణము. నిలువచేసికొనుటకు వీలులేదు గావున ఇదియే పెద్ద చిక్కు.

మఱి యింత త్వరగా కరగిపోవుదానిని దూరదేశములనుండి తెచ్చుకొనుట యెట్లు? అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 1950 తరువాతి దశాబ్దమున దీనికొక చక్కని యుపాయము కనిపెట్టిరి. పాలను పంపుటకు మాఱుగా ఆవునే పంపిరి. టెక్నీషియమునకు తల్లి మాలిబ్డినమను లోహము. అది 66 గంటలకు సగమగుచు టెక్నీషియమును కనుచుండును. సీసపు కవచములోనున్న చిన్న గొట్టములో అల్యూమినా పొడిని కూరి, దానికి మాలిబ్డినమును అంటింతురు. దానిగుండ ఉప్పునీటిని పోనిచ్చినచో తల్లి పొడినంటి నిలిచిపోవును. బిడ్డ నీటితో బయటికి వచ్చును. ప్రపంచమందలి మా శాఖలన్నిటను ఈ పరికరమును ఆవనియు, మందు తీయుటను పితుకుటయనియు పిలుచుట వాడుక. ఒకసారి పితికిన తరువాత ఇంచుమించు ఒక దినమునకు మరల నిండును. వారము గడచునప్పటికి ఆవు వట్టిపోవును, క్రొత్తది తెప్పించుకొనవలెను.

ఈ మాలిబ్డినము కొలదిపాటి అణుయంత్రాగారములలో మాత్రమే తయారగును. 2009 మే నెలలో కెనడాలోని చాక్ రివరు యంత్రాగారము చెడి 15 నెలలు నిలిచిపోగా, పెక్కు దేశములలో పరీక్షలను వాయిదా వేయవలసి వచ్చినది. ఆ యంత్రాగారము 2018 మార్చిలో శాశ్వతముగా మూతపడెను. మన దేశమున ట్రాంబేలో అప్సర అను మొదటి యంత్రాగారము 1956 ఆగస్టు 4న పనికి మొదలిడినది. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటరు నెలకొల్పబడినది. నా వృత్తివారు పెక్కుమందికి అది విద్యాపీఠము.

ఇక నా దినచర్య. రోగులు వచ్చుటకు ముందే పోయి ఆవును పితుకుదును. వచ్చినదానిని బావివంటి గుంటగల కొలతయంత్రములో నుంచి బలము కొలుతును. తల్లి లోహము దానిలో కలిసి వచ్చినదేమో చూతును. హద్దు మీఱి వచ్చినచో ఆ మందు రోగికి పనికిరాదు. పిమ్మట కెమేరాను పరీక్షింతును. అంతట సమముగా వెలుగునిచ్చు పలకను దానిముందుంచినచో చిత్రము అంతటను సమముగా రావలెను. యంత్రములో నొకచోట లోపమున్నచో, లేని వ్యాధి యున్నట్లును, ఉన్న వ్యాధి లేనట్లును కనబడవచ్చును. తక్కెడ సరిచూచుకొనని వర్తకుని తూకమును మీరు నమ్మరుగదా!

తరువాత ఆ టెక్నీషియమును తగిన మందుతో కలుపుదును. మందు బండివంటిది, టెక్నీషియము బండికి కట్టిన లాంతరువంటిది. ఎముకలకు పోవు బండి యొకటి, గుండెకండకు పోవునది యొకటి, మూత్రపిండములకు పోవునది వేఱొకటి. బండి చేరవలసిన చోటికి అది చేరును. చీకటిలో అది యెచ్చటనున్నదో లాంతరు మాకు చూపును.

ఎముకల పరీక్షనే తీసికొందము. సూదిమందు ఇచ్చిన పిదప రోగి ఇంచుమించు 3 గంటలు వేచియుండవలెను. ఆ నడుమ నీరు బాగుగా త్రాగవలెను. ఎముకలకు పట్టని మందు మూత్రముతో బయటికి పోవును. చిత్రమునకు ముందు మూత్రవిసర్జన చేసి రావలెను; లేనిచో నిండిన మూత్రాశయము వెలిగి, దాని చెంతనున్న కటియెముకలను కప్పివేయును. పిమ్మట సన్నని బల్లపై ఇంచుమించు అరగంట కదలక పరుండవలెను. కెమేరా రోగికి మిక్కిలి చేరువగా వచ్చును గాని తాకి బాధింపదు. దానినుండి కిరణములేవియు రావు. దాని ముఖమున వేలకొలది సన్నని రంధ్రములుగల సీసపు పలక యుండును. వెదురుగొట్టముగుండ చూచినచో ఎదుటి వస్తువే కనబడినట్లు, ఒక్కొక్క రంధ్రమునుండి తిన్నగా వచ్చిన కిరణము మాత్రమే లోపలికి పోవును. లోపలి స్ఫటికముపై కిరణము పడినపుడెల్ల ఒక చిన్న మెఱుపు పుట్టును. ఆ మెఱుపులను లెక్కించి కంప్యూటరు బొమ్మ కట్టును. ఈ కెమేరాను 1957లో కాలిఫోర్నియాలో హాల్ ఆంగరు నిర్మించెను.

ఎముక తన్ను తాను బాగుచేసికొనుచున్న చోట మందు అధికముగా పట్టి, చిత్రములో నల్లని మచ్చగా కనబడును. అయితే పుట్టకుఱుపు ఎముకకు ప్రాకినను మచ్చ వచ్చును; ఎముక విఱిగి అతుకుకొనుచున్నను వచ్చును; చీము పట్టినను, కీళ్లవాతమైనను వచ్చును. మచ్చ కనబడినంతమాత్రమున వ్యాధి పేరు తెలియదు. ఫ్లోరైడు నీటి సంగతి చూడుడు. నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లాయందు 1937లోనే వైద్యులు ఆ వ్యాధిని వర్ణించిరి. నల్లగొండ జిల్లా బాధ అందఱకును తెలిసినదే. చిరకాలము ఆ నీరు త్రాగినవారి ఎముకలన్నియు మందును మిక్కుటముగా లాగుకొని, చిత్రము ఆపాదమస్తకము నల్లబడవచ్చును. పుట్టకుఱుపు ఒడలంతయు ప్రాకినను ఇట్లే కనబడవచ్చును. కావున రోగి యే యూరివాడు, ఎట్టి నీరు త్రాగినవాడు అనునది మాకు ముచ్చటకొఱకు అడుగు ప్రశ్న కాదు.

ఒకనాడు పుట్టకుఱుపునకు చికిత్స పొందుచున్న వృద్ధకర్షకు డొకడు ఈ పరీక్షకు వచ్చెను. వ్యాధి ఎముకలకు పోయినదో లేదో తెలిసినగాని తరువాతి చికిత్స నిర్ణయింప వలనుపడదు. బల్లమీదనుండి లేచుచునే ఆయన, "బాబూ, ఏమైన కనబడినదా?" అని యడిగెను. "తాతగారూ, బొమ్మ చక్కగా వచ్చినది. దానిని చదివి చెప్పువారు డాక్టరుగారు" అంటిని. ఆయన నా మొగము కొంతసేపు చూచి, "బేరము తెమలనీయని పత్తివ్యాపారివలె నున్నావు నాయనా" అని నవ్వెను. ఆ నవ్వులోని దుఃఖము నాకు తెలియకపోలేదు. ఎడమప్రక్కన మూడు ప్రక్కటెముకలమీద, ఒకదానిక్రింద నొకటిగా, మూడు మచ్చలు తెఱపై నున్నవి. "ఈ నడుమ ఎక్కడనైన పడితిరా?" అని యడిగితిని. "రెండు నెలలక్రిందట పొలముగట్టున జారి రాతిమీద పడితిని. అది చెప్పవలసిన సంగతియని యెవరనుకొందురు?" అనెను. ఆ మాటను నేను కాగితముమీద వ్రాసి చిత్రముతో పంపితిని. వైద్యులు మరల వేఱు పరీక్షచేసి, అవి పడినప్పుడు విఱిగిన ఎముకలేయనియు, వ్యాధి అక్కడికి పోలేదనియు తేల్చిరి.

ఆ దినమున నేను నా మొగముతోనైనను ఏదేని తెలియజేసియున్నచో, ఆ వృద్ధుడు లేని మరణమును మోసికొని యింటికి పోయెడివాడు. మఱియొక దినమున వేఱొకరి విషయమున ధైర్యము చెప్పియున్నచో అదియు అసత్యమై యుండవచ్చును. టెక్నాలజిస్టు మౌనము నిర్దయ కాదని మీరు గ్రహింపవలెను. కాని చిత్రము తీయువాడు అడుగు ప్రశ్నలకు దాపఱికము లేక సమాధానము చెప్పినచో, ఆ సమాధానము చిత్రములో సగమంత విలువ గలది.

ఇక భయము మాట. కిరణములు హానిలేనివని నేను చెప్పను; కొలతలో నున్నవని చెప్పుదును. భూమినుండియు ఆకాశమునుండియు ప్రతి మనుష్యునకు ఏటేట సగటున 2.4 మిల్లీసీవర్టుల కిరణములు తగులుచునే యుండును. ఎముకల పరీక్షలో ఇంచుమించు 4 తగులును; అనగా రెండేండ్లలోపు ప్రకృతి యిచ్చునంత. మాకు మాత్రము ఈ పని ప్రతిదినము గలదు. కావున ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులకును, ఏ ఒక్క సంవత్సరమునను 30కిని మించరాదని మన దేశమున నియమము. ఎంత తగిలినదో లెక్కించు బిళ్లను ఱొమ్మున ధరింతుము. తక్కువ సేపుండుట, దూరముగా నుండుట, సీసమును అడ్డుపెట్టుట మా మూడు కవచములు. చలిమంటకు రెండింతలు దూరము జరిగినచో వేడి నాల్గవవంతగును, కిరణములును అంతే.

పరీక్షయైన రోగిని అంటరానివానివలె చూడనక్కఱలేదు. ఆయనతో కలిసి భుజింపవచ్చును. అయినను ఆ దినమున పసిబిడ్డలను ఎక్కువసేపు ఒడిలో నుంచుకొనరాదు. మూత్రవిసర్జనానంతరము నీరు బాగుగా పోసి చేతులు కడుగుకొనవలెను. స్త్రీ గర్భవతియైనను, అట్టి సందేహమున్నను, పాలిచ్చు తల్లియైనను సూదికి ముందే చెప్పితీరవలెను. కోడలు సిగ్గుపడినచో అత్తగారైనను చెప్పవలెను. దీనిలో సిగ్గునకు తావులేదు.

పెట్ అను వేఱొక పరీక్షలో చక్కెరవంటి మందు నిత్తురు. దాని దీపము 110 నిమిషములకే సగమగును. దానికి చాలగంటలు ఉపవాసముండి రావలెను. మధుమేహమున్నవారు ముందే చెప్పవలెను. కంఠములోని థైరాయిడు గ్రంథి వ్యాధులకు రేడియోధార్మిక అయొడినును చికిత్సగా నిత్తురు. అది 8 దినములకు సగమగునది గావున దాని జాగ్రత్తలు వేఱు. వైద్యులు చెప్పినన్ని దినములు ఒంటరిగా నుండవలసియుండును.

కడపటి మాట. మీ యూరివారెవరైన ఇట్టి పరీక్షకు బయలుదేరునప్పుడు మూడు సంగతులు చెప్పి పంపుడు. చెప్పిన వేళకే చేరవలెను. బస్సు తప్పినచో మనుష్యుడు ఆగగలడు గాని మందు ఆగదు. పాతచీటీలు, పాతఫిలిములు అన్నియు తీసికొని పోవలెను. పడిన దెబ్బ, త్రాగు నీరు, మ్రింగు మందు, గర్భము - ఏదియు దాచరాదు. వెలుగు మేము చూపగలము. అది యేమి చూపుచున్నదో తెలియుటకు రోగి నోటిమాట కావలెను.