థైరాయిడ్ కన్ను: అపోహలు, వాస్తవాలు

కన్ను ఎర్రబడి నీరు కారితే బందరులోనైనా దివిసీమలోనైనా ముందు తట్టేది కళ్లకలక, కాదంటే చేపల చెరువుల గట్ల మీది దుమ్ము. థైరాయిడ్ కంటిజబ్బు మొదలయ్యేదీ ఇలాగే. అయితే కళ్లకలకలో పుసి కడుతుంది, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. ఈ జబ్బులో పుసి ఉండదు, ఎరుపు నెలల తరబడి వదలదు. పొద్దున్నే రెప్పలు ఉబ్బుతాయి. ఎదురుగా చూస్తున్నా పైరెప్ప పైకి లాగేసి, నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనిపిస్తుంది. గుడ్డు ముందుకొచ్చిందో లేదో పాత పెళ్లి ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరం. వాపు గుడ్డు వెనక కండరాల్లో, కొవ్వులో ఉంటుంది. చుక్కలు అక్కడిదాకా చేరవు. పైగా నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు రావచ్చు.

రక్తపరీక్ష నార్మల్‌గా ఉంటే కంటికి భయం లేదనుకోవడం పొరపాటు. ఒంటి రక్షణ వ్యవస్థ థైరాయిడ్‌తో పాటు కంటి వెనక కణజాలం మీదా దాడి చేయడమే ఈ జబ్బు. అందుకే కొందరికి థైరాయిడ్ స్థాయులు సరిగా ఉండగానే, మరికొందరికి తక్కువగా ఉన్నా వస్తుంది. మాత్రలతో స్థాయిని అదుపులో పెట్టడం తప్పనిసరే, కానీ దాంతోనే గుడ్లు లోపలికి పోవు. థైరాయిడ్‌కు ఇచ్చే రేడియో అయోడిన్ చికిత్సతో కంటిజబ్బు ముదరవచ్చు కాబట్టి, దానికి ముందే కంటి సంగతి డాక్టరుకు చెప్పాలి.

సముద్రపు చేపలు, అయోడిన్ ఉప్పు మానేస్తే తగ్గుతుందన్నది నిజం కాదు. మామూలుగా తినేవాటిని మానక్కర్లేదు. మానాల్సింది చుట్ట, బీడీ, సిగరెట్. జబ్బును ముదరబెట్టేవాటిలో మనిషి చేతిలో ఉన్న అతి పెద్ద కారణం పొగే.

తేలికపాటి జబ్బుకు కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్, ఎత్తు తలగడ, కొందరికి ఆరు నెలల సెలీనియం చాలు. వాపు బాగా ఉంటే నరం ద్వారా స్టెరాయిడ్ ఇస్తారు. వాపు దశ చాలామందికి ఏడాది, రెండేళ్లలో చల్లారుతుంది. చూపుకు ముప్పు లేకపోతే ఆపరేషన్ ఆ తర్వాతే: ముందు కంటిగూడు, తర్వాత మెల్ల, చివరికి రెప్ప. తొందరపెట్టి ముందే రెప్ప సరిచేయించుకుంటే మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు.

రంగులు వెలిసినట్టు కనిపించినా, చూపు మసకబారినా, రెప్ప మూతపడక నల్లగుడ్డు నొప్పి పుట్టినా కంటినరం లేదా నల్లగుడ్డు దెబ్బతింటున్నట్టు అనుమానించాలి. అప్పుడు గుడివాడ నుంచైనా అవనిగడ్డ నుంచైనా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకా పెద్ద వైద్యం కావలసినవారికి విజయవాడ శివారు తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆస్పత్రి ఉంది.