పాతబస్తీ పెళ్లిబేరం.. ‘బజార్’ చూశారా?

మనసును మెలిపెట్టే ప్రేమకథలు ఇష్టమా? అయితే సాగర్ సర్హదీ తీసిన హిందీ సినిమా ‘బజార్’ (1982) చూడాల్సిందే. కథ ఎక్కువగా హైదరాబాద్‌లో నడుస్తుంది. షబ్నం (సుప్రియా పాఠక్), సర్జు (ఫారూఖ్ షేక్) పేదింటి ప్రేమికులు. గల్ఫ్ డబ్బుతో వచ్చిన ఓ పెద్ద వయసాయనకు పడుచు పెళ్లికూతురు కావాలి. వెతికిపెట్టే పని నజ్మా (స్మితా పాటిల్) మీద పడుతుంది. చివరికి ఆయన చూపు షబ్నం మీదే ఆగుతుంది. ఖయ్యాం సంగీతం, మన మఖ్దూం మొహియుద్దీన్ గజల్ వెంటాడతాయి.

ఇదంతా సినిమా అనుకోవద్దు. 1991లో పాతబస్తీ చిన్నారిని పెళ్లాడి తీసుకెళ్తున్న అరబ్ వృద్ధుడు విమానంలోనే పట్టుబడ్డాడు. ఏడుస్తున్న బాలికను గమనించింది ఓ ఎయిర్‌హోస్టెస్. సినిమాలో షబ్నం ఏడుపు ఎవరికి వినపడిందో మీరే చూడండి.