గర్భిణియు, హెచ్.ఐ.వి.యు, దేహరక్షకబలమును



హెచ్.ఐ.వి. గల స్త్రీ గర్భము ధరించినచో వ్యాధి ముదిరి ఆమెకు ప్రాణాపాయము కలుగునని గ్రామములలో ననుట వినుచున్నాను. ఈ మాట ఎంతవరకు నిజమో వైద్యుడనగుటచే మీకు విన్నవింపదలచితిని.

మన రక్తమున సి.డి.4 అను తెల్లకణములు కలవు. దేహమునకు శత్రువు వచ్చినపుడు తక్కిన రక్షకకణములను మేల్కొల్పు తలారులు ఇవియే. హెచ్.ఐ.వి. ముఖ్యముగా వీనినే నశింపజేయును. ఆరోగ్యవంతులలో ఘనమిల్లీమీటరు రక్తమునకు ఇవి సుమారు 500 మొదలు 1500 వరకుండును. 200కు దిగువ జారినచో క్షయ మొదలగు వ్యాధులు సులభముగా పైబడును.

ఇక గర్భిణి విషయమున నొక చిక్కు గలదు. నెలలు నిండుకొలది ఆమె రక్తములోని ద్రవభాగము దాదాపు సగము హెచ్చును. గంజిలో నీరు హెచ్చుగా పోసినచో గరిటెకు వచ్చు మెతుకులు తగ్గును. కుండలోని మెతుకులు తగ్గినవా? అట్లే సి.డి.4 లెక్కయు తగ్గినట్లు కనబడును. లింఫుకణములలో ఇవి నూటికెన్ని యని చూచినచో అంతగా మారదు. ప్రసవానంతరము లెక్క మరల పెరుగును. కాగితముపై అంకెను చూచి ఇల్లంతయు ఏడ్చిన కుటుంబముల నెరుగుదును. ఆ దుఃఖము నిష్కారణము.

శిశువులో సగము తండ్రి అంశము. పరాయిదగు ఆ పిండమును తల్లి దేహమేల త్రోసివేయదని 1953లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్ ప్రశ్నించెను. పోరును అదుపులో నుంచు కణములు కొన్ని గర్భమున పనిచేయునని పిమ్మట తెలిసినది. ఇది రక్షణబలము పూర్తిగా సన్నగిల్లుట కాదు, సర్దుబాటు మాత్రమే. అయినను మలేరియా వంటి జ్వరములు గర్భిణులకు తీవ్రములగును. మలేరియా మెండుగా గల ఆఫ్రికా సీమలలో స్త్రీకి కాన్పు కాన్పునకు ఆ జ్వరము నెదిరించు శక్తి పెరుగును. హెచ్.ఐ.వి. ఆ లాభమును చెరచును. తల్లినుండి మాయ ద్వారా బిడ్డకు చేరు రక్షకద్రవ్యములును ఇట్టివారిలో తగ్గును. కావున బిడ్డకు టీకాలు వేళకు వేయింపవలెను.

మందు సక్రమముగా తీసికొనునామెకు గర్భమువలన వ్యాధి త్వరపడదు. మందు లేనిచో నూరుగురు శిశువులలో 15 మొదలు 45 మందికి సోకవచ్చును. ఉన్నచో అయిదుగురికి లోపే. ప్రభుత్వ కేంద్రములలో ఈ మందు ఉచితము. అసలు అపాయము మరియొకచోట నున్నది. పురిటికై పుట్టింటికి పోయిన పడుచు, బంధువుల కంటబడునని మాత్రలు మ్రింగుట మానుట కలదు. మానినంతనే వైరస్ మరల విజృంభించును. ఆమె సమ్మతి లేక వ్యాధిని బయలుపెట్టుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. ఆ మాత్రలేమని ఎవరును అడుగకుండుట మీ చేతిలోని పని.

తల్లి రక్షకద్రవ్యములు బిడ్డ రక్తమున చాలకాలము నిలుచును. అందుచే మామూలు పరీక్షలో సోకినట్లు కనబడినను తొందరపడరాదు. ఆరువారములకు వైరస్‌నే వెదకు పరీక్ష చేయుదురు. కడపటి నిర్ణయము పదునెనిమిది మాసములు నిండి, చనుబాలు మానిన పిదప.