న్యూయార్క్‌లో రాత్రి పడితే.. ఇక్కడ పొద్దున్నే పడుతుంది! రెండు దేశాల్లో లిస్టయిన షేర్ల లెక్క ఇదీ

ఎమ్మిగనూరు: ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. రాయచూరులో క్వింటాలుకు రెండొందలు ఎక్కువ పలుకుతోందని ఫోన్ వస్తే చాలు.. బండి కిరాయి పోను ఎంత మిగులుతుందో అక్కడికక్కడే లెక్కేస్తాడు. మిగులుతుందంటే లోడు అటు తిరుగుతుంది. అలా నాలుగు లోడ్లు పోయేసరికి రెండు చోట్లా ధర దగ్గరకు వచ్చేస్తుంది. ఒకే కంపెనీ షేరు ముంబైలోనూ, న్యూయార్క్‌లోనూ ట్రేడయితే జరిగేదీ ఇదే.

మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్‌నే తీసుకోండి. 2001 ఏప్రిల్‌లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయ్యింది. అక్కడ నేరుగా మన షేరు అమ్మరు. షేర్లను ఇక్కడ బ్యాంకు కస్టడీలో ఉంచి, వాటికి బదులుగా అమెరికా బ్యాంకు ఇచ్చే రసీదులను డాలర్లలో అమ్ముతారు. వీటినే ఏడీఆర్‌లు అంటారు. సరుకు గోడౌన్‌లోనే ఉంటుంది, రసీదు చేతులు మారుతుంది.. అంతే! డాక్టర్ రెడ్డీస్‌కు ఒక ఏడీఆర్ అంటే ఒక షేరు. ఏడీఆర్ 14 డాలర్లు, డాలర్ 85 రూపాయలు అనుకుంటే ఇక్కడ షేరు 1,190 రూపాయల దగ్గర ఉండాలి. తేడా ఎక్కువైతే పెద్ద ట్రేడర్లు ఊరుకోరు.

మరి రాత్రి బాగానే ఉన్న షేరు పొద్దున 9:15కి ఢమాల్‌మని ఎందుకు ఓపెన్ అవుతుంది? మన మార్కెట్ మధ్యాహ్నం 3:30కి మూసేస్తారు. న్యూయార్క్‌లో తలుపులు తెరిచేది మన టైమ్ ప్రకారం రాత్రి 7 గంటలకు, చలికాలంలో 8కి. మనం నిద్రపోయే వేళ అక్కడ ధర తేలిపోతుంది.

దీనికి సత్యం కంప్యూటర్స్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. ఆ కంపెనీ కూడా 2001లోనే న్యూయార్క్‌లో లిస్టయ్యింది. 2008 డిసెంబర్ 16న మన మార్కెట్లు మూసేశాక ఓ ప్రకటన వచ్చింది. రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి సత్యం కొంటుందట! ఆ రాత్రే న్యూయార్క్‌లో ఏడీఆర్ సగానికి పైగా పడిపోయింది. దెబ్బకు తెల్లారేలోపు డీల్ రద్దు చేసుకున్నారు. అయినా ఆగలేదు. మర్నాడు ముంబైలో షేరు దాదాపు 30 శాతం కూలింది. ఇక్కడి చిన్న ఇన్వెస్టర్‌కు అమ్ముకునే టైమే దొరకలేదు.

అయితే రెండు చోట్లా ధర ఎప్పుడూ సమానంగా ఉంటుందని కాదు. ఇన్ఫోసిస్ ఏడీఆర్ ఇక్కడి షేరు కంటే చాలాకాలం బాగా ఎక్కువ ధర పలికింది. ఎందుకంటే అప్పట్లో దారి ఒకవైపే ఉండేది. ఏడీఆర్‌ను షేరుగా మార్చుకోవచ్చు కానీ, ఇక్కడి షేరును ఏడీఆర్‌గా మార్చి అక్కడ అమ్మే వీల్లేదు. రాయచూరు రోడ్డు మూసేస్తే ఆదోనిలో ధర ఏమవుతుందో ఊహించుకోండి! 2002 నుంచి పరిమితంగా అటు కూడా దారి తెరిచారు.

ఇంతకీ విదేశాల్లో లిస్టయితే షేరు పెరుగుతుందా? అమెరికాలో లిస్టయిన విదేశీ కంపెనీలపై ఫోర్‌స్టర్, కరోల్యీ అనే పరిశోధకులు 1999లో లెక్కలు తీశారు. మార్కెట్‌తో పోలిస్తే లిస్టింగ్‌కు ముందు ఏడాది సగటున 19 శాతం అదనపు లాభం వచ్చింది. ఆ తర్వాతి ఏడాది 14 శాతం నష్టం. అంటే వార్త విని ఆఖర్లో ఎగబడి కొన్నవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారన్నమాట.

ఇంకో తేడా ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. సత్యం లెక్కల మోసం 2009 జనవరి 7న బయటపడింది. అమెరికా ఇన్వెస్టర్లు అక్కడి కోర్టుకెక్కితే, 2011లో 12.5 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు కంపెనీ ఒప్పుకుంది. అదే షేరును ఇక్కడి మార్కెట్లో కొని మునిగిన మనవాళ్లకు ఆ డబ్బులో వాటా లేదు.